దివంగత కళాకారుల అనుకరణ (కృత్రిమ మేధ)

మరణించిన నటుల, గాయకుల రూపాన్ని గాని కంఠాన్ని గాని కృత్రిమ మేధ (ఏఐ) సాయంతో తిరిగి సృష్టించడాన్ని దివంగత కళాకారుల అనుకరణ అనవచ్చును. తెలుగునాట ఈ విషయం ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం కంఠం మూలంగా చర్చకు వచ్చింది.

పద్ధతి

గాయకుని పాత ధ్వనిముద్రణలను కంప్యూటరుకు అందించగా, అది ఆ స్వరపు తీరును, ఉచ్చారణను గ్రహించి ఒక నమూనాను తయారుచేస్తుంది. వేరొకరు పాడినదానిని ఆ నమూనా ద్వారా మార్చినచో మొదటి గాయకుడే పాడినట్లు వినిపిస్తుంది.

కీడా కోలా వివాదం

బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న చెన్నైలో మరణించాడు. 2023 నవంబరులో విడుదలైన కీడా కోలా (దర్శకుడు: తరుణ్ భాస్కర్, సంగీతం: వివేక్ సాగర్) చిత్రంలో ఆయన కంఠాన్ని ఏఐతో పునఃసృష్టించారు. తమ కుటుంబపు అనుమతి తీసుకొనలేదంటూ కుమారుడు ఎస్.పి.చరణ్ 2024 జనవరిలో నిర్మాతలకు, సంగీత దర్శకునికి లాయరు నోటీసు పంపాడు. క్షమాపణ, నష్టపరిహారం కోరాడు.

అదే నెలలో ఎ.ఆర్.రెహమాన్ తమిళ చిత్రం లాల్ సలాంలోని ఒక పాటకు దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల కంఠాలను ఇదే విధంగా వాడాడు. కుటుంబాల అనుమతి పొంది, పారితోషికం చెల్లించినట్లు ప్రకటించాడు.

నైతిక ప్రశ్నలు

* సమ్మతి: కుటుంబం ఇచ్చే అనుమతి, కళాకారుడు జీవించి ఉండగా తానే ఇచ్చే సమ్మతి ఒకటి కావు. ఒక పాటను పాడనని నిరాకరించే హక్కు గాయకునికి ఉంటుంది, నమూనాకు ఉండదు.
* మిమిక్రీతో భేదం: కీడా కోలాలో నటించిన బ్రహ్మానందం సత్తెనపల్లి సమీపంలోని చాగంటివారిపాలెంలో జన్మించాడు. సినిమాలకు పూర్వం అత్తిలిలో తెలుగు అధ్యాపకునిగా ఉంటూ మిమిక్రీ చేసేవాడు. మిమిక్రీలో అనుకరించే వ్యక్తి సభ యెదుటనే ఉంటాడు; అది అనుకరణ అని అందరికీ తెలుసు. ఏఐ కంఠం విషయంలో ముందుగా ప్రకటించనిచో శ్రోత మోసపోతాడు.
* జీవనోపాధి: పోయినవారి కంఠం చౌకగా లభించినచో కొత్త గాయకులకు అవకాశాలు తగ్గవచ్చును.

చట్టం

భారతదేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రదర్శకుల హక్కు, ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలు 50 సంవత్సరాలు ఉంటుంది. అయితే అది జరిగిన ప్రదర్శనకు మాత్రమే రక్షణ. ఎన్నడూ పాడని కొత్త పాటను ఆ కంఠంతో తయారుచేయడాన్ని గురించి అందులో స్పష్టమైన నిబంధన లేదు. నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్‌కు సంబంధించిన దావాలో 2023లో ఢిల్లీ హైకోర్టు, అటువంటి వ్యక్తిగత హక్కులు మరణంతో ముగుస్తాయనీ, వారసులకు సంక్రమించవనీ అభిప్రాయపడింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసిన చట్టం మాత్రం మరణించిన కళాకారుని డిజిటల్ ప్రతిరూపాన్ని వాడుటకు హక్కుదారుల అనుమతి కావాలని నిర్దేశించింది.

ఇవి కూడా చూడండి

* ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం
* మిమిక్రీ
* బ్రహ్మానందం
* సత్తెనపల్లి