ఆవాహన్ కార్యక్రమం: వ్యయం

సెక్స్ వర్కర్లలోను, హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్న ఇతర వర్గాల్లోను నివారణ కోసం బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ 2003లో భారతదేశంలో ప్రారంభించిన కార్యక్రమం ఆవాహన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, మణిపూర్, నాగాలాండ్‌లలో అమలైంది.

తోటి సెక్స్ వర్కర్ల ద్వారా అవగాహన, కండోమ్‌ల పంపిణీ, సుఖవ్యాధుల చికిత్స, సంఘాల ఏర్పాటు ఇందులోని ప్రధాన సేవలు. క్లినిక్‌లు, జీతాలే కాక శిక్షణ, పర్యవేక్షణ, సాంకేతిక సహకారం కూడా వ్యయంలో పెద్ద భాగమే. సేవలు అందుకునేవారు పెరిగేకొద్దీ, స్థిర ఖర్చులు ఎక్కువమందికి పంచబడి తలసరి వ్యయం తగ్గుతుంది.

ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల జిల్లాలపై 2014లో వెలువడిన అధ్యయనం, ఒక్కో హెచ్‌ఐవీ సంక్రమణ నివారణకు సగటున 785 డాలర్లు అదనంగా ఖర్చయిందని అంచనా వేసింది. ఆ అధ్యయనం వెలువడేలోపే కార్యక్రమ నిర్వహణ దశలవారీగా ప్రభుత్వానికి బదిలీ అయింది.