కేతేపల్లి సీమలో గొలుసుకట్టు కుంటలు

కేతేపల్లి పరిసరములు మూసీనది పరీవాహములోనివి. నేలక్రింద గ్రానైటు శిల పరచుకొని యున్నది. పైన చెలకనేల పొర పలుచన. ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వర్షమే కురియును, అదియు కొలదిదినములలోనే. వాగులు నాలుగునాళ్లు పారి ఎండిపోవును. ఇట్టిచోట పూర్వులు వాలు కడ్డముగా మట్టికట్ట వేసి నీటిని నిలిపిరి. ‘చెరువు త్రవ్వించెను’ అనుట వాడుకయే గాని, నిజమునకది త్రవ్వినపని కాదు, కట్టినపని.

మనిషి చేయి పడక ఏర్పడిన కుంటల సీమలును లోకమున గలవు. కెనడా మైదానములందును, అమెరికాలోని డకోటా రాష్ట్రములందును, సుమారు 12,000 ఏండ్లక్రిందట మహా హిమఫలకములు కరగి తొలగినపుడు లక్షలకొలది గుంతలు మిగిలినవి. కరగిన మంచునీరే వానికి ప్రధానాధారము. అచటి రైతులు సేద్యమునకై వానిలో పెక్కింటిని కాలువలు తీసి ఎండబెట్టిరి. ఇచటి రైతు సేద్యమునకై నీటిని ఆపవలసివచ్చెను.

ఎగువకుంట నిండి మత్తడి దూకిన నీరు దిగువకుంటకు, అటనుండి చెరువునకు, తుదకు వాగుద్వారా మూసీకి చేరును. ఇదియే గొలుసుకట్టు. ఎగువకుంట ఒండ్రును ఆపి, వరదవేగమును తగ్గించును. దాని కట్ట తెగినచో ఆ నీరంతయు దిగువకట్టపై పడును. కావున ఒక ఊరి కట్టపై మరొక ఊరి క్షేమము ఆధారపడియుండెను. తూము తెరచి వంతుప్రకారము నీరు విడుచుటకు నీరటి యుండెడివాడు. లోతులేని కుంటలోని నీరు చాలభాగము ఎండకు ఆవిరియగును, వేసవికి నిలువదు. ఐనను అది వ్యర్థము గాదు. ఎండకముందే కొంతనీరు ఇంకి, శిల పగుళ్ళలో చేరి, దిగువబావులకు ఊటయగును. కంటికి కనబడని యీ నీరే కుంట యొక్క నిజమైన పంట.

సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయ సామంతులైన రేచెర్లవారు 12వ శతాబ్దాంతమునను 13వ శతాబ్దారంభమునను ఆలయములు నిర్మించిరి. 1213 నాటి శాసనముగల రామప్పగుడికిని చెరువు తోడుగా నున్నది. గుడి, చెరువు, ఊరు అను మూడింటిని వారు ఒక్కటిగానే తలచిరనవచ్చును. నైజాం పాలనలో చెరువు కట్టి కాపాడినవారికి దశబంధ ఇనాములుండెను.

1954లో ఆరంభమై 1963లో ముగిసిన మూసీ ప్రాజెక్టు కాలువక్రింది పొలములకు వరమయ్యెను. మెట్టున నున్న చేలకు కుంటలే దిక్కు. తరువాత బోరుబావులు వచ్చినవి. ఎవరి చేనిలో వారు నీరు తోడుకొనగా కట్ట చూచువారు కరవైరి, శిఖము భూములు దున్నబడెను, కట్టుకాలువలు పూడెను. లోతైన పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు శిలలోని ఫ్లోరైడును కరగించుకొనును. అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పండ్లును, మిక్కిలి హెచ్చినచో ఎముకలును చెడును. పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు పద్ధతికి నాగపూరు పరిశోధనసంస్థ ‘నల్లగొండ విధానము’ అని పేరిడెను. జిల్లాకు ఇట్టి ప్రసిద్ధి రాకున్న బాగుండెడిది!

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి ఆ మట్టిని పొలములకు తోలిరి. మంచిపనియే. కాని పూడిక తీసినంతనే కుంట నిండదు. కట్టుకాలువ ఎవరి చేనిలో కలిసినదో, మత్తడినీరు పోవు దారి ఏ రోడ్డుగట్టు క్రింద మూసుకొనినదో చూడవలెను. పాత గ్రామపటములలో వాగులు, కాలువలు గీయబడి యున్నవి. తొలకరికి ముందు ఆ పటమును చేతబట్టుకొని ఎగువకుంటనుండి దిగువకు నడచినచో, గొలుసు తెగినచోటు కనబడును.