రొట్టె తూకం తేల్చిన లెక్కల మాస్టారు

జర్మనీలో ఎవరైనా ఒక లెక్క చెప్పి, ఇందులో అనుమానమే లేదనాలంటే ‘ఆడమ్ రీస్ లెక్క ప్రకారం’ అని కలుపుతారు. ఆ రీస్ 1559లో చనిపోయాడు. రాజూ కాడు, యూనివర్సిటీ పండితుడూ కాడు. లెక్కల బడి నడుపుకున్న మాస్టారు.

ఎర్ఫర్ట్‌లో ఉండగా 1522లో ఆయన అచ్చువేయించిన పుస్తకం లాటిన్‌లో కాదు, జనం మాట్లాడుకునే జర్మన్‌లో ఉంది. మొదట గీతల పద్ధతి నేర్పాడు. బల్ల మీద అడ్డగీతలు గీసి బిళ్లలు పెట్టాలి. కింది గీత మీద బిళ్ల ఒకటి, పైగీత మీద పది, ఆపైన వంద. గీతల సందున పెడితే ఐదు, యాభై. ఆ తర్వాత కలంతో, మన దేశం నుంచి అరబ్బుల మీదుగా అక్కడికి చేరిన అంకెలతో చేసే లెక్క. ఇన్ని పౌన్ల సరుకు ఇంతైతే అన్ని పౌన్లు ఎంత అన్న త్రైరాశికమే బజారుకు ప్రాణం. పావులూరి మల్లన తెలుగు చేసిన మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలోనూ ఆ త్రైరాశికం ఉంది.

తర్వాత రీస్ అన్నబెర్గ్‌కు మకాం మార్చాడు. కొండల్లో వెండి గనుల ఊరు. జనం ఎక్కువ, ధాన్యం మాత్రం బయటి నుంచి రావాలి. ఆ రోజుల్లో రొట్టె ధర మారేది కాదు, తూకం మారేది. ధాన్యం ప్రియమైతే అదే నాణేనికి చిన్న రొట్టె చేతికొచ్చేది. ఎంత చిన్నది? మోసానికి చోటు అక్కడే. లెక్క కోసం, 20 గ్రోషెన్ నాణేలున్న ధాన్యం 30కి ఎగబాకిందనుకుందాం. 20ని 60తో గుణించినా, 30ని 40తో గుణించినా ఒకటే. అంటే 60 లోత్‌ల (అప్పటి తూకపు కొలత) రొట్టె 40కి తగ్గాలి. రొట్టెలవాడు 35 చేతిలో పెడితే, గని కూలీకి తేడా ఎలా తెలుస్తుంది?

రీస్ 1533లో ధాన్యం ధర ఎంతుంటే రొట్టె ఎంత తూగాలో వరసగా లెక్కగట్టి పట్టికలు తయారుచేశాడు. 1536లో అవి లైప్‌జిగ్‌లో అచ్చయ్యాయి. రొట్టె కొనే పేదవాడు నష్టపోకూడదన్నదే వాటి ఉద్దేశం.

తెలియని రాశికి గుర్తు పెట్టి సమీకరణం కట్టడమూ ఆయనకు వచ్చు. 1524 నాటికే ‘కోస్’ అనే బీజగణిత గ్రంథం రాశాడు. బతికుండగా అది అచ్చుకాలేదు. అయినా ఆయన చేసిన పనుల్లో ఆ రొట్టె పట్టికలకే పెద్దపీట వేయాలి. వాటిని వాడడానికి గుణకారం కూడా రానక్కర్లేదు, ఒక వరస చూస్తే చాలు.

ఇవాళ జర్మన్ సూపర్‌మార్కెట్‌లో ఆ పని ధర చీటీ చేస్తోంది. ప్యాకెట్ ధరతోపాటు కిలో ధరో, లీటరు ధరో చూపాలన్నది చట్టం. ప్యాకెట్ సరుకులకు 100 గ్రాముల లెక్కన చూపే వెసులుబాటును 2022 మే 28 నుంచి ఎత్తేశారు. 400 గ్రాముల పప్పు 1.80 యూరోలు, 500 గ్రాములది 2.30 అయితే, పెద్ద ప్యాకెట్టే లాభమని చెయ్యి అటే వెళ్తుంది. చీటీల మీద కిలో ధరలు 4.50, 4.60 అని ఉంటాయి.