పుత్రదండన – దండనాధికారం: మనునీతి చోళుని కథ నుంచి ‘భారతీయుడు’ వరకు

తప్పు చేసిన కొడుకును తండ్రే దండించడం తమిళ సాహిత్యంలో ప్రాచీనమైన కథాంశం. శంకర్ దర్శకత్వంలో 1996 మే 9న విడుదలైన ‘ఇండియన్’ చిత్రం ఈ కథాంశాన్ని లంచగొండితనానికి అన్వయించింది. ఎ.ఎం. రత్నం నిర్మించిన ఈ చిత్రానికి సుజాత సంభాషణలు రాశారు. తెలుగులో ఇది ‘భారతీయుడు’ పేరుతో వచ్చింది. దీనిని అవినీతి వ్యతిరేక చిత్రంగా మాత్రమే చూస్తే దాని చారిత్రక స్థానం బోధపడదు. కొడుకును దండించే అధికారం ఎవరిది? దండన తరువాత కథ ఎవరిని బతికిస్తుంది? ఈ రెండు ప్రశ్నల వెలుగులో ఆ స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

రాజు చేతిలో దండన

‘శిలప్పదికారం’లో కణ్ణగి పాండ్యరాజు ఎదుట తన పుహారు నగరాన్ని పరిచయం చేస్తూ, ఆవు కన్నీటికి కరిగి కన్నకొడుకును రథచక్రం కింద బలియిచ్చిన రాజును స్మరిస్తుంది. పన్నెండవ శతాబ్దికి చెందిన సేక్కిళార్ ‘పెరియపురాణం’లో ఈ వృత్తాంతం తిరువారూరు క్షేత్రకథగా విస్తరించింది. అక్కడ శివుడు ప్రత్యక్షమై లేగదూడను, మంత్రిని, రాకుమారుని తిరిగి బతికిస్తాడు. బెజవాడ క్షేత్రకథలోని మాధవవర్మ వృత్తాంతం దీనికి సన్నిహితమైనది. చింతచిగురు అమ్ముకునే స్త్రీ బిడ్డ రాకుమారుని రథం కింద పడి మరణించగా, రాజు కొడుకుకు మరణదండన విధిస్తాడు. దైవానుగ్రహంతో కనకవర్షం కురిసి మృతులు జీవిస్తారు. రెండు కథల్లోనూ దండించేవాడు రాజు, పునరుద్ధరించేది దైవం. రాజు కఠిన ధర్మాన్ని దైవకరుణ పూరిస్తుంది కనుకనే ఆ ధర్మం భరించదగినదిగా కనిపిస్తుంది. మద్రాసు హైకోర్టు ఆవరణలో మనునీతి చోళుని విగ్రహం ఉండటాన్ని బట్టి, ఆధునిక న్యాయవ్యవస్థ కూడా ఈ కథను తన వారసత్వంగా స్వీకరించిందని చెప్పవచ్చు.

అధికారి చేతిలో దండన

పి. మాధవన్ దర్శకత్వంలో 1974లో వచ్చిన ‘తంగప్పతక్కం’లో రాజు స్థానాన్ని పోలీసు అధికారి ఆక్రమించాడు. శివాజీ గణేశన్ పోషించిన ఎస్.పి. చౌదరి దేశద్రోహానికి పూనుకున్న కొడుకును స్వయంగా కాల్చి చంపుతాడు. ఇక్కడ దైవం రాదు, కొడుకు తిరిగి బతకడు. దైవానుగ్రహం స్థానంలో ప్రభుత్వం ఇచ్చే బంగారు పతకం నిలుస్తుంది. తండ్రి దుఃఖాన్ని రాజ్యం గుర్తించింది. అతని చేతిలోని ఆయుధం కూడా రాజ్యం ఇచ్చినదే.

పౌరుని చేతిలో దండన

‘భారతీయుడు’లో ఈ రెండు ఆధారాలూ లేవు. కమల్ హాసన్ పోషించిన సేనాపతి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో పోరాడిన వృద్ధుడు. మలయాలోని తమిళ కార్మికులు ఆ సైన్యంలో పెద్ద సంఖ్యలో చేరినందున, తమిళ ప్రేక్షకులకు ఈ నేపథ్యం కేవలం కల్పన కాదు. సేనాపతికి పదవి లేదు, ప్రభుత్వం ఇచ్చిన ఆయుధం లేదు. వర్మకళ, కత్తి, దేశం కోసం పోరాడిన గతం మాత్రమే అతని అధికారానికి మూలాలు.

అతడు దండించేది ప్రధానంగా మంత్రులను కాదు, పౌరునికి నిత్యం ఎదురయ్యే ఉద్యోగులను, వైద్యుని. చిత్రం విడుదలైన రోజుల్లోనే తమిళనాడు శాసనసభ ఎన్నికల్లో అన్నాడీఎంకే ఓడిపోయింది. ముఖ్యమంత్రి జయలలిత బర్గూరులో పరాజయం పొందారు. నాటి రాజకీయ చర్చ అగ్రనాయకుల అవినీతి చుట్టూ తిరుగుతుండగా, చిత్రం దృష్టిని కార్యాలయం బల్ల వద్దకు, అక్కడి నుంచి ఇంటి లోపలికి మళ్ళించింది. లంచం ఇవ్వడానికి తండ్రి నిరాకరించగా కాలిన గాయాలతో కూతురు కస్తూరి మరణిస్తుంది. రవాణా కార్యాలయంలో లంచంతో ఉద్యోగం పొందిన కొడుకు చంద్రు, బ్రేకులు సరిగా లేని బస్సుకు అనుమతి ఇచ్చి పాఠశాల పిల్లల మృతికి కారకుడవుతాడు. అయినవారి కోసమే అనే మాట లంచానికి సమాజంలో సులభంగా దొరికే సమర్థన. ఆ సమర్థనను కూలదోయడానికే కథ ఒకే ఇంట్లో ఇద్దరు బిడ్డలను బలి తీసుకుంది.

అయితే ఇందుకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. సంతానం కమిటీ నివేదిక ఫలితంగా 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే సీబీఐ అవతరించింది. అంటే అవినీతిని విచారించే సంస్థలు చిత్రం నాటికి మూడు దశాబ్దాలుగా ఉన్నాయి. చిత్రంలోని సీబీఐ అధికారి కృష్ణస్వామి నిజాయితీపరుడే, కాని నిస్సహాయుడు. తల్లి అమృతవల్లి వేదనకు కథలో కన్నీరుగా చోటుందే తప్ప వాదంగా లేదు. విచారణ, అప్పీలు, క్షమ అనే మూడు అవకాశాలూ ఒకే వ్యక్తి తీర్పులో లుప్తమయ్యాయి.

ముగింపు

మూడు దశల ముగింపులను పక్కపక్కన ఉంచితే పరిణామం స్పష్టమవుతుంది. పురాణంలో మృతులు బతికారు. 1974లో మరణానికి గుర్తింపుగా పతకం లభించింది. 1996లో కొడుకు మరణించగా, మరణించాడనుకున్న తండ్రి విదేశం నుంచి ఫోన్ చేసి అవసరమైనప్పుడు తిరిగి వస్తానని చెబుతాడు. అంటే పునరుజ్జీవనం బాధితులకు కాక దండించేవానికి దక్కింది. మనునీతి కథలో దండన ఒక్కసారి జరిగి ధర్మం కుదుటపడుతుంది. ‘భారతీయుడు’లో దండనకు ముగింపు లేదు. రాజ్యంపై పౌరుని విశ్వాసం ఎంత సడలిందో ఈ మార్పు చెబుతుంది. దైవకరుణ తొలగిపోయిన చోట చట్టపరమైన కరుణను నిలపలేకపోవడమే ఈ చిత్రం మిగిల్చిన ప్రశ్న.