డెస్క్‌టాప్ కంప్యూటరులో హార్డువేరు లోపాల నిర్ధారణ

డెస్క్‌టాప్ కంప్యూటరు పనిచేయడం మానివేసినపుడు లేదా అడపాదడపా మొరాయించినపుడు, అందులోని ఏ విడిభాగం వలన ఆ ఇబ్బంది కలిగినదో కనుగొనడాన్ని హార్డువేరు లోప నిర్ధారణ అంటారు. డెస్క్‌టాపులోని భాగాలను విడివిడిగా ఊడదీసి తిరిగి అమర్చుకొనే వీలున్నందున ఈ పని చాలావరకు ఇంటివద్దనే సాధ్యపడుతుంది. ముఖ్యసూత్రం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితం చూసిన తరువాతనే మరొక మార్పు చేయాలి. ర్యాము, కేబులు, ఎస్.ఎం.పి.ఎస్. మూడింటినీ ఒకేసారి మార్చితే కంప్యూటరు బాగుపడవచ్చు గాని, చెడినది ఏదో తెలియదు. బాగున్న భాగాలకు కూడా డబ్బు వృథా అవుతుంది.

విద్యుత్ సరఫరా

గోడ నుండి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును కంప్యూటరుకు కావలసిన తక్కువ వోల్టేజి ఏకముఖ విద్యుత్తుగా మార్చే పెట్టె ఎస్.ఎం.పి.ఎస్. బటను నొక్కినా ఫ్యాను సైతం తిరగనపుడు మొదట ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, పెట్టె వెనుకనుండే చిన్న స్విచ్చు చూసి, ఆపై దీనిని అనుమానించాలి. 1995లో వెలువడిన ఏ.టి.ఎక్స్. ప్రమాణాన్ని అనుసరించే పెట్టెలలో సాధారణంగా పసుపు తీగలో 12, ఎరుపు తీగలో 5, నారింజ తీగలో 3.3 వోల్టులు ఉంటాయి. వీటిలో తేడా 5 శాతానికి మించరాదు. అంటే మల్టీమీటరు పసుపు తీగకు 11.4, 12.6 మధ్య చూపాలి. కంప్యూటరు ఆపివేసి ఉన్నప్పటికీ ఊదారంగు తీగలో 5 వోల్టులు ఉండాలి. కొన్ని కొత్త పెట్టెలలో తీగలన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి పిన్ను స్థానాన్ని బట్టి కొలవాలి. ఖాళీగా ఉన్నపుడు సరిగ్గా చూపించి, ఆటలు ఆడేటపుడు భారం పెరిగి వోల్టేజి పడిపోయే పెట్టెలు కూడా ఉంటాయి. అకస్మాత్తుగా రీస్టార్టు కావడం దీని లక్షణం.

ఎస్.ఎం.పి.ఎస్. మూతను మాత్రం ఇంటిలో విప్పరాదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా విద్యుత్తు నిలువ ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు ప్రాణాంతకమే.

కేబినెట్టును తాకితే చేయి జిల్లుమనడం తెలుగునాట చాలా ఇళ్ళలో అనుభవమే. దీనికి తరచు కారణం కంప్యూటరు కాదు, గోడ సాకెట్టుకు ఎర్తు లేకపోవడం. సరఫరా పెట్టెలోని ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా అతి స్వల్ప విద్యుత్తు లోహపు పెట్టెలోకి చేరుతుంది. ఎర్తు ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకుంటే మనిషిని వెతుక్కుంటుంది. మూడు కాళ్ళ ప్లగ్గును రెండు రంధ్రాల సాకెట్టులో ఎలాగో ఇరికించే అలవాటు ఈ విధంగా ప్రమాదకరం. లోపల నిజంగానే తీగ తెగి పెట్టెకు తగిలితే, ఎర్తు లేని చోట ఫ్యూజు పోదు.

స్వీయపరీక్ష

కంప్యూటరు ఆన్ అయిన వెంటనే ప్రాసెసరు, మెమొరీ, వీడియో కార్డులను తానే పరీక్షించుకుంటుంది. తెర వెలగకముందే లోపం కనబడితే స్పీకరు ద్వారా బీప్ శబ్దాలు చేస్తుంది. వీటి అర్థం బయాస్ తయారీదారును బట్టి మారుతుంది. ఉదాహరణకు అవార్డు బయాస్‌లో ఒక దీర్ఘ, రెండు హ్రస్వ శబ్దాలు వీడియో లోపాన్ని సూచిస్తాయి. కొత్త మదరుబోర్డులు చాలావాటిలో స్పీకరుకు బదులు చిన్న దీపాలు ఉంటాయి. డి.డి.ఆర్.5 మెమొరీ కొత్తగా అమర్చినపుడు మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, దానిని లోపంగా భావించరాదు.

ర్యాము లోపాలలో చాలావాటికి దానిని ఒకసారి తీసి గట్టిగా తిరిగి అమర్చడమే చికిత్స. కాళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్దే పద్ధతి ప్రచారంలో ఉంది గాని, పలుచని బంగారుపూత అరిగిపోతుంది కాబట్టి ఇది మంచిది కాదు. అప్పుడప్పుడు మాత్రమే తప్పు చేసే ర్యామును కనుగొనడానికి మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రామును రాత్రంతా నడపాలి.

గడియారం ప్రతిసారీ పాత తేదీకి వెళ్ళిపోతుంటే మదరుబోర్డుపై ఉండే 3 వోల్టుల సి.ఆర్.2032 బ్యాటరీని మార్చితే సరిపోతుంది.

ఉబ్బిన కెపాసిటర్లు

సుమారు 1999 నుండి 2007 వరకు తయారైన అనేక మదరుబోర్డులలో నాసిరకపు ద్రావణం నింపిన కెపాసిటర్లు వాడబడ్డాయి. ఇవి రెండు మూడేళ్ళకే పైభాగం ఉబ్బి, పగిలి, గోధుమరంగు ద్రవం కార్చేవి. మల్టీమీటరు అవసరం లేకుండా కంటితో చూసి గుర్తించగల కొద్ది లోపాలలో ఇది ఒకటి.

హార్డు డిస్కు

మిగిలిన భాగాలను కొనవచ్చు, ఫోటోలను, లెక్కల పుస్తకాలను కొనలేము. కనుక డిస్కు నుండి టిక్కు టిక్కుమనే శబ్దం వస్తే పరీక్షలు చేయడం కన్నా ముందు సమాచారాన్ని వేరొక చోటికి కాపీ చేయాలి. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకొనే స్మార్ట్ విధానం ఉంది. చెడిన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే అది హెచ్చరికయే. అయితే హెచ్చరిక లేకపోవడం భరోసా కాదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం, చెడిపోయిన వాటిలో 56 శాతానికి పైగా డిస్కులలో నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సూచికలలో ఏదీ ముందుగా కనబడలేదు. ఎస్.ఎస్.డి.లు శబ్దం కూడా చేయకుండా ఒక్కసారిగా మూగబోవచ్చు. డిస్కును ఇంట్లో విప్పితే లోపల చేరే దుమ్ము రేణువు వలన, మిగిలిన సమాచారం కూడా తిరిగి రాకుండా పోయే అవకాశం ఉంది.