షుగర్ పేరు చెరిపేసిన జాబితా

1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇన్సులిన్ సూది వేశారు. అంతకు ముందు అతనికున్న రకం షుగర్ వచ్చిన పిల్లలు ఏడాదో రెండేళ్లో బతికేవారు. థాంప్సన్ మరో 13 ఏళ్లు బతికి 1935 ఏప్రిల్‌లో చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టు 14న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సామాజిక భద్రతా చట్టంపై సంతకం పెట్టాడు. అందులో వృద్ధులకు పింఛను ఉంది, అంధులకు సాయం ఉంది. జబ్బుపడి పని మానుకున్నవారికి భృతి మాత్రం లేదు.

ఇన్సులిన్ ప్రాణం నిలబెట్టింది గానీ జబ్బును తీసేయలేదు. ఏళ్ల తరబడి షుగర్‌తో బతికినవారికి చూపు మందగించడం, కిడ్నీలు దెబ్బతినడం, పాదాలు మొద్దుబారి పుండ్లు పడటం మొదలైంది. ప్రాణం ఉన్నా పని చేయలేనివారికి తిండి ఎలా?

ఆ ప్రశ్నకు జవాబు 1956లో గానీ రాలేదు. అదీ అతికష్టం మీద. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గట్టిగా అడ్డుపడింది. పని చేయలేనివారికి భృతినిచ్చే వైకల్య బీమాకు సెనేట్‌లో 47 ఓట్లు అనుకూలంగా, 45 వ్యతిరేకంగా పడ్డాయి. ఆగస్టు 1న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో చట్టమైనా, భృతి 50 నుంచి 64 ఏళ్ల వారికే దక్కింది. ఆ వయసు నిబంధన 1960లో పోయింది.

ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి అధికారులు జబ్బుల జాబితా ఒకటి పెట్టుకున్నారు. అందులో పెద్దల షుగర్‌కు 9.08 అనే నంబరు ఉండేది. పేరుకు షుగరే, అడిగేది మాత్రం అది చేసిన నష్టం. నరాలు దెబ్బతిని కాళ్లూ చేతుల్లో రెండింటి కదలిక అస్తవ్యస్తమై ఉండాలి. లేదా రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాద స్థితి సగటున రెండు నెలలకోసారైనా వచ్చినట్టు రక్తపరీక్షల కాగితాలు చూపాలి. లేదా కంటిలోని రెటీనా బాగా చెడిపోయి ఉండాలి. రోజూ సూది వేసుకుంటున్నానంటే చాలదు.

కిడ్నీల కథ వేరే దారిలో నడిచింది. 1971 నవంబరు 4న షెప్ గ్లేజర్ అనే రోగి ప్రతినిధుల సభ కమిటీ ఎదుటే డయాలసిస్ యంత్రానికి తగిలించుకుని కూర్చున్నాడు. రక్తం గొట్టాల్లోంచి పోతుంటే సభ్యులు చూశారు. మరుసటి ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టం కిడ్నీలు పూర్తిగా చెడినవారిలో చాలామందిని, వయసుతో పనిలేకుండా, ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కిందికి తెచ్చింది. అంతకు ముందు యంత్రాలు చాలక, షుగర్ ఉన్నవారిని చాలాచోట్ల ఎంపికకు పరిగణించేవారే కాదు. ఇప్పుడు అమెరికాలో కిడ్నీలు పాడవడానికి మొదటి కారణం షుగరే.

1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం తనిఖీల పేరుతో లక్షల మంది భృతి ఆపేసింది. కోర్టుల్లో, రాష్ట్రాల్లో గొడవ ముదిరాక 1984లో కాంగ్రెస్ కొత్త చట్టం తెచ్చింది. ఏ జబ్బుకు ఆ జబ్బును విడదీసి చూడకూడదు, అన్నిటి ప్రభావాన్నీ కలిపి తూచాలి అని అందులో రాశారు. చూపు కొంత, కాళ్లు కొంత, కిడ్నీ కొంత పోయిన షుగర్ రోగికి పనికొచ్చిన మాట ఇదే.

2011 జూన్ 7న 9.08 పెద్దల జాబితాలోంచి పోయింది. చికిత్స మెరుగుపడింది, షుగర్ ఉన్నంతమాత్రాన పని చేయలేరని ఇక అనుకోలేం అన్నది ప్రభుత్వ వాదన. భృతి దారి మూసుకుపోలేదు, మలుపు తిరిగింది. చూపు పోతే కళ్ల విభాగంలో, డయాలసిస్ మీద ఉంటే కిడ్నీల విభాగంలో, తిమ్మిర్లతో నడక పోతే నరాల విభాగంలో చూస్తారు. కాలు తీసేసినా చాలా సందర్భాల్లో అదొక్కటే చాలదు, కృత్రిమ కాలు వాడలేని పరిస్థితి కూడా రుజువు కావాలి. ఏ విభాగానికీ సరిపోకపోతే రోజుకు ఎన్ని గంటలు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు, పనిలో ఎన్నిసార్లు ఆగాల్సి వస్తుంది అని లెక్కగడతారు. రోజూ ఇన్సులిన్ కావాల్సిన ఆరేళ్లలోపు పిల్లలకు మాత్రం షుగర్ పేరుతోనే నిబంధన నిలిచింది. ఆ వయసులో ఒళ్లు తేడా చేస్తే చెప్పుకోలేరు గనుక.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికీ ఈ నిబంధనలే వర్తిస్తాయి. 31 ఏళ్లు దాటినవారు జబ్బుతో పని ఆగేనాటికి వెనకటి పదేళ్లలో ఐదేళ్లయినా సామాజిక భద్రతా పన్ను కట్టి ఉండాలి. భారతదేశంతో అమెరికాకు సామాజిక భద్రతా ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడ చేసిన ఉద్యోగం అక్కడ లెక్కకు రాదు. దరఖాస్తు తిరస్కరిస్తే ఉత్తరం అందిన 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. కంటి డాక్టరు, కిడ్నీ డాక్టరు, పాదాల డాక్టరు రాసిచ్చిన ప్రతి కాగితాన్నీ తేదీల వారీగా దాచుకోండి, అధికారి తీర్పు చెప్పేది వాటిని చూసే.