జుగ్రాఫియా - మన హైస్కూలు పిల్లలు

మన ఇళ్ళల్లో లెక్కలకు ట్యూషను పెడతాం, ఇంగ్లీషుకు అప్పు చేసైనా చెప్పిస్తాం. జుగ్రాఫియా అనేసరికి మాత్రం "ఏముందిలే, పరీక్ష ముందురోజు పటం చూసుకుంటే సరి" అంటాం. భూగోళశాస్త్రానికి ఈ చిన్నచూపు తగదు. దాన్ని పెంచినవారిలో మన పెద్దలూ ఉన్నారు.

జుగ్రాఫియా అనే మాట గ్రీకు నుంచి అరబ్బీలోకి, అక్కడినుంచి ఉర్దూలోకి వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలను పట్టికలుగా రాశాడు. పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ పంజాబులోని నందన కోట దగ్గర కొండ ఎత్తు కొలిచి, భూమి ఎంత పెద్దదో లెక్కగట్టాడు. 1154లో అల్ ఇద్రీసీ సిసిలీ రాజు రోజరు కోసం ప్రపంచపటం పూర్తిచేశాడు. అందులో దక్షిణం పైన, ఉత్తరం కింద ఉంటాయి! హైదరాబాదులో 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. పుస్తకాల కోసం అంతకు ముందే 1917లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది.

ఇక మన సీమ సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి అప్పగించాడు. 1808లో కడప జిల్లా వేరుపడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన, 2022 ఏప్రిల్ 4న రాయచోటి ముఖ్యకేంద్రంగా అన్నమయ్య జిల్లా. ఇవన్నీ మనుషులు గీసిన గీతలు, మారుతూనే ఉంటాయి. కొండలు, ఏర్లు అట్లా మారవు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య మేఘాలు మన తూర్పున ఉన్న పాలకొండలు దాటేసరికి పలచబడతాయి. మన మాండవ్య నది ఎందుకు ఎండుతుందో, బోరు ఎందుకు ఇంత లోతు పోవాల్సి వస్తుందో పిల్లవానికి దీంతోనే బోధపడుతుంది.

ఇంకొక లెక్క చూడండి. దేశపు గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది. రాయచోటి ఇంచుమించు 78¾ మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు సూర్యుడు సుమారు 15 నిమిషాలు ఆలస్యం. మసీదులో నమాజు వేళల పట్టిక ఊరూరికీ ఎందుకు మారుతుందో ఇప్పుడు తెలిసిందా? కిబ్లా కూడా మనకు నేరుగా పడమర కాదు, కొంచెం ఉత్తరానికి మొగ్గి ఉంటుంది.

అసలు చిక్కు మాటల దగ్గర ఉంది. ఉర్దూ మీడియం పిల్లవాడు ఖత్తె ఇస్తివా, జజీరానుమా అని నేర్చుకుంటాడు. పదో తరగతి దాటాక భూమధ్యరేఖ, ద్వీపకల్పం అంటే బిక్కమొహం వేస్తాడు. తెలియక కాదు, పేరు మారినందుకు! అక్కడే చాలామంది వెనక్కు తగ్గుతున్నారు. కాబట్టి ఎనిమిదో తరగతి నుంచే పటంలో ఒక్కో పేరు ఉర్దూలోనూ, తెలుగులోనూ పక్కపక్కనే రాయించాలి. ఇందుకు ఖర్చేమీ లేదు, పెన్సిలు చాలు.

మన ఊరినుంచి ఎందరో కువైటు పోతున్నారు. తండ్రి పనిచేసే దేశాన్ని పటంలో వేలుపెట్టి చూపలేని బిడ్డ మన ఇంట్లో ఉండకూడదు. ఈ సంవత్సరం ప్రతి ఇంటి గోడమీద ఒక ప్రపంచపటం వేలాడాలని సభ్యులందరినీ కోరుతున్నాను.